లంగరేసిన పడవ నడిచింది: చింతపల్లి తీరంలో ఎనిమిది హైడ్రోఫోన్ల కేస్ స్టడీ

తెగిన వల ముక్కొకటి నా టేబుల్ మీద పెట్టి, “ఇది రాత్రి మరబోటు చేసిన పని బాబూ” అన్నాడు తండేలు, అంటే పడవ నడిపే పెద్ద. ఆయనను వెంటబెట్టుకొచ్చిన లెక్చరర్ నాకు పాత పరిచయం. ఊరు చింతపల్లి, విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం, లైట్‌హౌస్ ఉన్న చింతపల్లి. అక్కడివాళ్లు ఫైబర్ పడవల్లో వెళ్లి సాయంత్రం వల వేసి తెల్లవారుజామున తీస్తారు. రాష్ట్రంలో 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదు. చీకట్లో దీపాలు ఆర్పేసి వస్తే చూసేదెవరు? ఫిర్యాదు ఇవ్వబోతే ఏ వేళప్పుడు, ఎటు నుంచి వచ్చింది, ఎటు పోయింది అని అడుగుతారు. వీళ్ల దగ్గర తెగిన వల తప్ప జవాబు లేదు.

నేను ఇరవై ఏళ్లకు దగ్గరగా సోనార్ సిగ్నల్స్ మీదే పని చేశాను. ఇప్పుడు విజయనగరంలో ఉంటూ ఇలాంటి చిన్న పనులు చేస్తున్నాను. మేం అనుకున్నది సింపుల్‌గానే ఉంది. సముద్రం అడుగున హైడ్రోఫోన్లు, అంటే నీళ్లలో వినే మైకులు, వరసగా పెడతాం. మేం ఏ శబ్దమూ పంపం, వింటాం అంతే. మరబోటు ప్రొపెల్లర్ చప్పుడు ఏ దిక్కు నుంచి, ఏ సమయానికి వస్తోందో రాసిపెడతాం. దూరం చెప్పలేం, పడవ నంబర్ అసలే చెప్పలేం. ఈ మాట మొదటి రోజే తండేలుకు చెప్పాను. “దిక్కూ వేళా తెలిస్తే సాలు, మిగతాది మా కళ్లు సూసుకుంతాయి” అన్నాడు.

పని నాలుగు వారాల్లో అయిపోవాల్సింది, ఐదు నెలలు పట్టింది. అందుకు కారణం సముద్రం కాదు, నేను ఆదా చేద్దామనుకున్న కొంత డబ్బు. ఆ సంగతే ఇది.

వరస కట్టిన తీరు

ఎనిమిది హైడ్రోఫోన్లను పావు మీటరు దూరంలో ఒక్కొక్కటి చొప్పున ఫైబర్ పైపుకు బిగించాం. మొదటిదానికీ చివరిదానికీ మధ్య 1.75 మీటర్లు. పావు మీటరే ఎందుకంటే, వేసవికి ముందు మన తీరంలో నీళ్లు 28 డిగ్రీల వేడిలో, ఉప్పదనం బాగా ఉన్నప్పుడు శబ్దం సెకనుకు దాదాపు 1540 మీటర్లు పోతుంది. 3 కిలోహెర్ట్జ్ దగ్గర అల పొడవు అర మీటరు చిల్లర. అందులో సగం కంటే ఎడం పెరిగితే లేని దిక్కుల్లో కూడా పడవలు కనిపించడం మొదలవుతుంది. అంటే 3 కిలోహెర్ట్జ్ మా పైహద్దు. ఆ పౌనఃపున్యం దగ్గర కిరణం, అంటే వరస ఒకసారికి వినే దిక్కు, 13 డిగ్రీల వెడల్పు. 1 కిలోహెర్ట్జ్‌కి దిగితే అదే 39 డిగ్రీలకు సాగుతుంది. చిన్న వరసతో ఇంతకంటే సన్నగా వినడం కుదరదు.

కింది హద్దు సంగతి చాలామంది పట్టించుకోరు. పెద్ద బోటు చప్పుడంటే మోటు చప్పుడు కదా, 30 హెర్ట్జ్ దగ్గర వెతకాలి అనుకుంటారు. లోతైన సముద్రంలో అది నిజమే. 12 మీటర్ల లోతులో, ఇసుక నేల మీద, దాదాపు 75 హెర్ట్జ్ కింద ఉన్న శబ్దం దూరం ప్రయాణించదు, నేలలోకి ఇంకిపోతుంది. ప్రొపెల్లర్ రెక్కలు కొట్టే లయ మనకు నేరుగా వినిపించదు. కానీ రెక్కల చుట్టూ బుడగలు పుట్టి పగిలే చప్పుడు కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది, అది రెక్కల లయకే ఎక్కుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఎక్కుతగ్గులను విడదీసి వాటి లయ చూస్తే అసలు లెక్క బయటపడుతుంది. దీన్ని సోనార్ వాళ్లు డెమాన్ అంటారు. షాఫ్ట్ నిమిషానికి 500 చుట్లు తిరిగే మూడు రెక్కల ప్రొపెల్లర్ 25 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తుంది. ఫైబర్ పడవ వెనక తగిలించే చిన్న ఇంజిన్ ప్రొపెల్లర్ అంతకు ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది, కాబట్టి దాని గీత ఎక్కడో పైన ఉంటుంది. మరబోటునూ ఊరి పడవనూ వేరు చేయడానికి మాకు ఇదే ఆధారం.

ఇక రికార్డింగ్. శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే నాలుగు చానళ్ల కార్డు ఒకటి పాతది నా దగ్గర ఉంది. అలాంటిదే ఇంకొకటి కొంటే ఎనిమిది అవుతాయి. ఎనిమిది చానళ్లూ ఒకే కార్డులో ఉన్నది కొనాలంటే మూడు రెట్లు ఖర్చు. రెండు కార్డులనూ ఒకే ల్యాప్‌టాప్‌కు కలిపాను. రెండూ ఒకే క్షణంలో మొదలవ్వవని నాకు తెలుసు, అందుకని రికార్డింగ్ మొదట్లో ఎనిమిది చానళ్లలోకీ ఒకేసారి ఒక టెస్ట్ పల్స్ పంపి, దాన్ని బట్టి రెండు ఫైళ్లనూ సరిపెట్టే ఏర్పాటు చేశాను. తెలివైన పని చేశానని సంబరపడ్డాను కూడా.

జనవరిలో తాటిపూడి రిజర్వాయర్‌లో పరీక్షించాం. గోస్తనీ నీళ్లు, అలలు లేవు, పడవలు లేవు. నీళ్లలో పాడే చిన్న స్పీకర్‌ను తెప్ప మీంచి వేలాడదీసి, తెలిసిన కోణాల్లో నిలబెట్టి, ఒక్కోచోట పది సెకన్లు రికార్డు చేసుకున్నాం. మంచినీళ్లు కాబట్టి శబ్ద వేగం 1500 పెట్టాం. మేం నిలబెట్టిన కోణాలకూ మా లెక్క చెప్పిన కోణాలకూ తేడా ఒక డిగ్రీ దాటలేదు. గంట్యాడలో టీ తాగి సంతోషంగా ఇంటికొచ్చాం. ఆ పది సెకన్లు అనే మాట గుర్తుపెట్టుకోండి.

సముద్రంలో

ఫిబ్రవరిలో పైపును రెండు కాంక్రీటు దిమ్మలకు కట్టి, ఒడ్డుకు కిలోమీటరు పైన, 12 మీటర్ల లోతులో దించాం. వరస తీరానికి సమాంతరంగా ఉంది. కేబుల్ పైకి తెచ్చి, ముప్పై మీటర్లు ఒడ్డువైపు లంగరేసిన తండేలు పడవలో పెట్టెకు కలిపాం. ఆ పెట్టెలోనే రెండు కార్డులు, ల్యాప్‌టాప్, బ్యాటరీ.

మొదట చెవుల్లో పడింది చిటపటలు. వేడి పెనం మీద ఆవాలు వేసినట్టు. అవి రొయ్య జాతి జీవులు గోరు చరిచే చప్పుళ్లు, రాళ్లున్న చోట మరీ ఎక్కువ. చింతపల్లి ఎదుట నీళ్లలో రాళ్లున్నాయన్నది పాత నావికులకు బాగా తెలిసిన విషయం. ఒక్కో చిటపట చాలా బలంగా, చాలా పొట్టిగా ఉంటుంది, సగటు తీస్తే ఒక్కటే మొత్తం లెక్కను లాగేస్తుంది. అందుకని బీమ్‌ఫార్మింగ్‌కు, అంటే ఎనిమిది చానళ్లనూ కలిపి దిక్కు తేల్చే లెక్కకు, ముందే ప్రతి చానల్‌లో మామూలు స్థాయికి నాలుగు రెట్లు దాటిన శాంపిల్స్‌ను ఆ హద్దు దగ్గర కోసేశాం. మొరటు పద్ధతే, బాగానే పనిచేసింది. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఆ రాత్రి ఒంటిగంట దాటాక మొదటి మరబోటు వినిపించింది. హెడ్‌ఫోన్లో స్పష్టంగా ఉంది. డెమాన్ గీత చక్కగా పడింది. స్క్రీన్ మీద, దిక్కు అడ్డంగానూ సమయం నిలువుగానూ గీసే వాటర్‌ఫాల్‌లో, మొదటి రెండు నిమిషాలు సన్నటి చార కుడివైపుకు నడిచింది. నిమిషానికి ఎనిమిది డిగ్రీలు. తర్వాత చార చీలి, పీచులు పీచులై, ఆఖరికి లావాటి మసకగా మిగిలింది. రికార్డింగ్ ఆపి మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ సన్నటి చార, మళ్లీ కుడివైపు నడక, మళ్లీ మసక. “ఈ సరంగు తాగి నడుపుతున్నట్టున్నాడు” అన్నాడు మాతో వచ్చిన కుర్రాడు. నవ్వుకున్నాం. కంప్యూటర్ మనుషులకు రీస్టార్ట్ సర్వరోగ నివారిణి, అందుకని చార మసకబారినప్పుడల్లా రీస్టార్ట్ చేస్తూ తెల్లారేదాకా గడిపాం. లోపం తన పేరు తానే చెబుతోంది, మేం వినిపించుకోలేదు.

అనుమానించినవి, వరసగా

పైపు తిరుగుతోందేమో అన్నది మొదటి అనుమానం. ఊళ్లో ఊపిరి బిగబట్టి దిగగల కుర్రాళ్లున్నారు. ఒకడు దిగి చూసి, దిమ్మలు ఇసుకలో దిగబడిపోయాయి, కదిలించినా కదలవు అన్నాడు. నేను నమ్మక ఇంకోసారి దింపాను. అదే మాట.

రెండోది శబ్ద వేగం. ప్రోగ్రాంలో తాటిపూడి నాటి 1500 అలాగే ఉండిపోయింది, సముద్రానికి 1540 పెట్టాలి. దొరికిందిరా దొంగ అనుకున్నాను. లెక్క వేస్తే అది చేసే తప్పు ఎంత? వరసకు నిలువుగా ఎదురున్న దిక్కును సున్నా అనుకుంటే, 60 డిగ్రీల దగ్గర రెండున్నర డిగ్రీలు. సున్నా దగ్గర అసలు తప్పే రాదు. పైగా అది ఎప్పుడూ ఒకేలా ఉండే తప్పు, నిమిషానికోలా పెరిగేది కాదు. సరిదిద్దాం, చిత్రం ఏమీ మారలేదు.

మూడోది నిస్సార సముద్రం మీద నెపం. పైన నీటి ఉపరితలం, కింద ఇసుక, మధ్యలో శబ్దం పది దారుల్లో వస్తుంది, అందుకే మసక అని లెక్చరర్‌కు గంటసేపు చెప్పాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంది. ఆ దారులన్నీ పైకీ కిందికీ వంగేవే, అడ్డంగా పరిచిన వరసకు అవి దిక్కును కొద్దిగా మారుస్తాయి తప్ప ఇంతగా చెదరగొట్టవు. నాకు తెలిసిన విషయమే. తెలిసీ చెప్పాను.

నాలుగోది నేను చేసిన అసలైన తప్పు. మసకను పదును చేద్దామని అడాప్టివ్ బీమ్‌ఫార్మింగ్‌కు వెళ్లాను. 1969లో కేపన్ ప్రతిపాదించిన పద్ధతి: అనుకున్న దిక్కు నుంచి వచ్చేదాన్ని చెక్కుచెదరకుండా వదిలి, మిగతా శక్తిని వీలైనంత అణచడం. పేపర్ మీద అద్భుతం. ఎనిమిది హైడ్రోఫోన్లకు కవేరియన్స్ (ఏ రెండు చెవుల శబ్దాలు ఎంతగా కలిసి మారుతున్నాయో చెప్పే పట్టిక) అంచనా వేయడానికి కనీసం పదమూడు స్నాప్‌షాట్లు, అంటే చిన్న శబ్దపు ముక్కలు, కావాలి, మేం వంద తీసుకున్నాం. రన్ చేస్తే మరబోటు స్క్రీన్ మీంచి మాయమైంది. హెడ్‌ఫోన్లో ఇంజిన్ దడదడలాడుతోంది, స్క్రీన్ ఖాళీ.

ఈ మాయ ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే కొత్తవాళ్లు పడే గొయ్యి ఇదే. ఈ పద్ధతికి ప్రతి దిక్కుకూ ఒక నమూనా ఇస్తాం: ఈ దిక్కు నుంచి శబ్దం వస్తే ఎనిమిది చెవులకూ ఇంతింత తేడాతో చేరుతుంది అని. వచ్చిన శబ్దం ఆ నమూనాకు కచ్చితంగా సరిపడితే కాపాడుతుంది. కొంచెం తేడా ఉన్నా, ఇది నేను కాపాడాల్సింది కాదు, ఎవరో పరాయి శత్రువు అనుకుని దాన్నే అణిచేస్తుంది. శబ్దం ఎంత బలంగా ఉంటే అంత గట్టిగా తొక్కుతుంది. నమూనాలో తప్పుంటే మామూలు డిలే-అండ్-సమ్ (చెవుల మధ్య జాప్యాలు సరిచేసి కలిపేసే పద్ధతి) మసకగా చూపిస్తుంది, కేపన్ పద్ధతి గుడ్డిదైపోతుంది. కవేరియన్స్ మాతృక వికర్ణం మీద కొంత బరువు కలిపితే దాని దూకుడు తగ్గుతుంది. కలుపుతూ పోయాను. బోటు తిరిగొచ్చింది, ఎక్కడికి? మొదటి మసక దగ్గరికే.

అక్కడికి నాకు ఒకటి తెలిసింది. మా నమూనా తప్పు. చెవులు ఎక్కడున్నాయో, ఎప్పుడు వింటున్నాయో, ఈ రెండింట్లో ఏదో ఒకటి మేం అనుకున్నట్టు లేదు.

లంగరేసిన పడవ

మార్చి మొదట్లో పరీక్ష మార్చాం. తండేలు ఇంకో పడవను ఎదురుగా 600 మీటర్ల దూరంలో లంగరేసుకుని, తాటిపూడిలో వాడిన స్పీకరే నీళ్లలోకి దించాడు. అది ఆగకుండా రెండు స్వరాలు పాడుతుంది, 1 కిలోహెర్ట్జ్, 2 కిలోహెర్ట్జ్. లంగరు మీద పడవ పది మీటర్లు అటూ ఇటూ ఊగినా మాకు ఒక డిగ్రీ తేడా. గంటసేపు రీస్టార్ట్ చేయకుండా రికార్డు చేశాం. నేను ముందు అడ్డుపడ్డాను, గంట డేటా అంటే ఫైలు పెద్దదైపోతుందని. ఈసారి లెక్చరర్ వినలేదు, ఆయనకు నా దండం.

సాయంత్రం ఒడ్డున పందిరి కింద స్క్రీన్ తిప్పి తండేలుకు చూపించాం. ఆయన పడవ చార కుడికి నడిచి, చీలి, ఎడమ అంచున మళ్లీ పుట్టి, మధ్యకు వచ్చి, మళ్లీ కుడికి నడుస్తోంది.

“బాబూ, నాను లంగరేసి కూకున్నాను. నీ డబ్బా నన్నెందుకు తిప్పుతంది?”

“డబ్బాదే తప్పు మావా, నీది కాదు.”

“మరైతే దానికి వైద్యం సెయ్యండి.”

రెండు స్వరాలనూ విడివిడిగా గీశాను. 2 కిలోహెర్ట్జ్ చార సరిగ్గా 4 నిమిషాల 10 సెకన్లకు ఒక చుట్టు వేస్తోంది, అసలు దిక్కుకు అటూ ఇటూ 16, 17 డిగ్రీల దాకా వెళుతోంది. 1 కిలోహెర్ట్జ్ చార 8 నిమిషాల 20 సెకన్లకు ఒక చుట్టు, అటూ ఇటూ 35 డిగ్రీలు. ఒకే పడవ, ఒకే స్పీకర్. పడవ నిజంగా కదిలితే రెండు స్వరాలూ కలిసి కదలాలి. పైపు తిరిగినా అంతే. స్వరం రెట్టింపైతే చుట్టు సగమవుతోందంటే కదులుతున్నది వస్తువు కాదు, కాలం. 2 కిలోహెర్ట్జ్ ఒక ఆవృతికి 500 మైక్రోసెకన్లు. 250 సెకన్లలో 500 మైక్రోసెకన్లు జారితే, సెకనుకు 2 మైక్రోసెకన్లు. పది లక్షల్లో రెండు వంతులు. సాధారణ క్రిస్టల్ గడియారాలు రెండింటి మధ్య ఇంత తేడా ఉండటం వింతేమీ కాదు, లేకపోతేనే వింత.

రెండు కార్డులు, రెండు క్రిస్టళ్లు. రెండూ సెకనుకు ఇన్ని శాంపిల్స్ అని ఒకే మాట చెబుతాయి, కానీ ఎవరి సెకను వారిది. మొదట్లో పంపిన టెస్ట్ పల్స్ రెండింటినీ ఆ క్షణానికి కలిపింది. తర్వాత ఎవరి దారి వారిదే.

మన వైపు తప్పెటగుళ్లు చూసినవాళ్లకు ఇది బొమ్మ గీయకుండానే అర్థమవుతుంది. ఎనిమిది మంది ఛాతీకి తప్పెట కట్టుకుని ఒకే దెబ్బ వేస్తుంటే దూరాన ఉన్నవాడికి ఒక్క చప్పుడే వినిపిస్తుంది. ఇప్పుడు నలుగురు ఒక గురువును చూస్తూ, మిగతా నలుగురు ఇంకో గురువును చూస్తూ వేస్తున్నారనుకోండి. రెండో గురువు చెయ్యి రవ్వంత చురుకు. నలుగురు నలుగురిలో ఎక్కడా తేడా లేదు, దగ్గరికెళ్లి ఏ నలుగుర్ని విన్నా తాళం బాగుంటుంది. కాసేపటికి ఒక గుంపు దెబ్బ వేస్తుంటే ఇంకో గుంపు చెయ్యి గాల్లో ఉంటుంది. ఇంకాసేపటికి మళ్లీ కలుస్తాయి, ఈసారి ఒక దెబ్బ తేడాతో.

తప్పెట్లు సరిగ్గా ఎదురెదురైన ఆ క్షణాన మా స్క్రీన్ మీద ఏమవుతోందో చూడండి. రెండు సగాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పడవ ఉన్న సరైన దిక్కులో సున్నా పడుతుంది. దానికి అటొకటీ ఇటొకటీ రెండు శిఖరాలు లేస్తాయి. వాటి ఎత్తు అసలు శిఖరం కంటే మూడు డెసిబెల్స్ కూడా తక్కువ కాదు. అందుకే శబ్దం తగ్గిందన్న అనుమానం మాకు రాలేదు. ఉన్నచోట ఏమీ లేదని, లేనిచోట ఉందని ధైర్యంగా చెప్పే యంత్రాన్ని తయారు చేసి పెట్టుకున్నాం. మరబోటు చప్పుడులో అన్ని పౌనఃపున్యాలూ ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో చుట్లు వేస్తుంది, వాటన్నింటి కలగాపులగమే ఆ మసక.

ఇంకో రెండు రకాలుగా నిర్ధారించుకున్నాను. మొదటిది, ముందు నాలుగూ వెనక నాలుగూ విడివిడిగా బీమ్‌ఫార్మ్ చేశాను. రెండింట్లోనూ చార లావుగా ఉంది, కానీ గంటసేపూ కదలకుండా నిలబడింది. అంటే ఏ సగానికి ఆ సగం మొదటి నుంచీ నిజమే చెబుతోంది. రెండోది, నాలుగో హైడ్రోఫోన్‌నూ ఐదో హైడ్రోఫోన్‌నూ క్రాస్ కోరిలేట్ చేశాను, అంటే ఒకదానికంటే ఇంకోదానికి శబ్దం ఎంత తేడాతో చేరిందో పోల్చి చూశాను. రెండింటి మధ్య పావు మీటరు. ఆ దూరం దాటడానికి శబ్దానికి 162 మైక్రోసెకన్లు చాలు, ఏ దిక్కు నుంచి వచ్చినా అంతకు మించి తేడా రాకూడదు. గంట చివర మా తేడా 7 మిల్లీసెకన్లు దాటింది. ఈ ఒక్క పరీక్ష మొదటి రాత్రే చేసి ఉంటే అయిదు నిమిషాల పని. అన్ని చానళ్ల మధ్యా చేశాను గానీ, తాటిపూడి డేటా మీద చేశాను. అక్కడ ఒక్కో రికార్డింగ్ పది సెకన్లు. పది సెకన్లలో జారేది 20 మైక్రోసెకన్లు, 2 కిలోహెర్ట్జ్ దగ్గర 14 డిగ్రీల ఫేజ్ (దిక్కు కాదు, ఒక ఆవృతిని 360 డిగ్రీలుగా లెక్కిస్తే), కంటికి ఆనదు.

మరమ్మతు

కొత్త కార్డు వచ్చేలోపు అప్పటికే ఉన్న పద్నాలుగు గంటల రికార్డింగ్‌ను కాపాడుకోవాలి. స్థిరంగా పది లక్షల్లో రెండు వంతుల సవరణ వేసి ఒక ఫైలును సాగదీస్తే చాలనుకున్నాను. ఉదయం డేటాకు చాలింది, మధ్యాహ్నానిది పాడైంది. పెట్టె ఎండలో ఉంది, వేడికి క్రిస్టళ్ల నడక మారుతుంది, రెండూ ఒకేలా మారవు. తెల్లవారుజామున రెండు ఉన్నది మిట్టమధ్యాహ్నం మూడున్నరకు చేరింది.

అప్పుడు సముద్రమే సాయపడింది. 600 హెర్ట్జ్ కింద అల పొడవు పావు మీటరుకు పది రెట్లు పైనే, కాబట్టి పక్కపక్కనున్న రెండు చెవులూ సముద్రపు హోరును దాదాపు ఒకేలా వింటాయి. పడవలేమీ లేనప్పుడు కూడా ఆ హోరును నాలుగూ ఐదూ చెవుల మధ్య పోల్చుకుంటూ పోతే గడియారాల జారుడు మొత్తం గీత గీసినట్టు కనిపిస్తుంది. ఇది ముతక సవరణ, వంద మైక్రోసెకన్లు అటూ ఇటూ. సన్న సవరణకు, మరబోటు వినిపిస్తున్న ప్రతి పది సెకన్లలో ముందు సగం చెప్పిన దిక్కూ వెనక సగం చెప్పిన దిక్కూ కలిసేలా, మొత్తం వరస శిఖరం అత్యధికమయ్యేలా జాప్యాన్ని సర్దాం. పద్నాలుగు గంటల్లో పదకొండు గంటలు దక్కాయి. మిగతాది గాలి ఎక్కువై హోరులోనే పోయింది.

ఏప్రిల్‌లో ఎనిమిది చానళ్లూ ఒకే గడియారంతో నడిచే కార్డు కొన్నాను. మొదట మిగుల్చుకున్నదానికంటే పడవ అద్దెకూ డీజిల్‌కూ ఎక్కువే ఖర్చయింది. ఆ లెక్క ఇంట్లో చెప్పలేదు.

కొత్త కార్డుతో ఇంకో మార్పు కూడా చేశాను, ఎందుకంటే మొదటి రాత్రి నుంచీ ఒక దెయ్యం బోటు మమ్మల్ని పీడిస్తోంది. సముద్రం వైపు ఒకే చోట ఎప్పుడూ ఏదో ఉన్నట్టు కనిపిస్తుంది, పోదు. నేరుగా పరిచిన వరసకు ఎడమ కుడి తెలియదు, సముద్రం వైపు 20 డిగ్రీల నుంచి వచ్చినా ఒడ్డు వైపు 20 డిగ్రీల నుంచి వచ్చినా ఎనిమిది చెవులకూ ఒకే తేడాలతో చేరుతుంది. మా దెయ్యం ఒడ్డువైపు లంగరేసిన మా పడవే, దాని అడుగును అలలు కొట్టే చప్పుడు. అందుకని ఏడు హైడ్రోఫోన్లు వరసలో ఉంచి, ఎనిమిదోదాన్ని మధ్యదానికి ఎదురుగా పావు మీటరు సముద్రం వైపు పక్కకు జరిపాం. శబ్దం ముందు దానికి చేరితే సముద్రం వైపు, తర్వాత చేరితే ఒడ్డు వైపు. కిరణం ఒక రవ్వ లావైంది, ఆ నష్టానికి ఒప్పుకున్నాను. వరస రెండు కొసల దిక్కుల్లో మాత్రం ఈ ఉపాయం పనిచేయదు, అక్కడ ఎటు నుంచి వచ్చినా తేడా సున్నాకు దగ్గర.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. తండేలు ఇంటి దగ్గర వలలు బాగుచేసుకునే రోజులు. మాకు మాత్రం అంతకంటే మంచి అవకాశం రాదు, మరబోట్లు లేని సముద్రం ఎలా ఉంటుందో రెండు నెలలు వినొచ్చు. ఆ రోజుల్లో గాలికీ అలలకీ రొయ్యలకీ మామూలు స్థాయిలు రాసుకుని, ప్రతి దిక్కుకూ అంతకంటే ఎంత పైకి లేస్తే బోటు అనాలో హద్దు పెట్టుకున్నాం. లంగరు పరీక్ష మళ్లీ చేశాం, ఈసారి మూడు గంటలు. చార నిలువుగా, గోడకు వేసిన సున్నపు గీతలా నిలబడింది. కేపన్ పద్ధతి కూడా మళ్లీ నడిపాను. కొద్దిపాటి వికర్ణ బరువుతో బోటు మాయం కాలేదు, డిలే-అండ్-సమ్ కంటే సన్నటి చార ఇచ్చింది, పక్కపక్కన పోతున్న రెండు పడవలను విడదీసింది. పద్ధతిలో ఏ లోపమూ లేదు, అప్పట్లో దానికి అబద్ధం చెప్పింది మేమే.

నిషేధం ముగిశాక సముద్రం ఊరుకోలేదు, నైరుతి గాలులు మొదలయ్యాయి. ప్రశాంతంగా ఉన్న రాత్రి మూడు నాలుగు కిలోమీటర్ల దూరం నుంచి మరబోటు పట్టుబడుతోంది, గాలి లేస్తే కిలోమీటరున్నరకు పడిపోతోంది. లెక్చరర్‌కు అది చాలదనిపించింది. నాకు చాలు. ఒడ్డుకు కిలోమీటరు దూరంలో ఉన్న వరసకు నాలుగు కిలోమీటర్ల నుంచి వినిపించిందంటే ఆ బోటు ఎలా చూసినా 8 కిలోమీటర్ల లోపలే ఉంది. దూరం కొలవలేని పరికరానికి ఈ కేసులో దూరం కొలవాల్సిన అవసరమే లేకపోయింది.

జూలై మొదటి వారంలో ఒక రాత్రి 2 గంటల 10 నిమిషాలకు ఈశాన్యం నుంచి ఒకటి వచ్చింది, 25 హెర్ట్జ్ గీతతో. నలభై నిమిషాల్లో వరస ముందు నుంచి నైరుతికి దాటింది. మధ్యలో పన్నెండు నిమిషాలు గీత 20కి దిగింది, వల లాగుతున్నప్పుడు షాఫ్ట్ మీద బరువు పడితే అలా దిగవచ్చు, వేరే కారణమూ ఉండొచ్చు. నేను దాన్ని రుజువుగా రాయలేదు, చూసింది చూసినట్టు రాశాను. ఆ కాగితం తండేలుకు ఇస్తే వేళ్ల మీద ఏదో లెక్క కట్టుకుని, “ఆ రేతిరి మా తమ్ముడి వల అక్కడే ఉంది” అని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పాత నాలుగు చానళ్ల కార్డులు రెండూ ఇప్పుడు లెక్చరర్ ల్యాబ్‌లో ఉన్నాయి. రెండో ఏడాది పిల్లలకు గడియారాల జారుడు చూపించడానికి వాడుతున్నాడు. అందుకు అవి భేషుగ్గా పనికొస్తున్నాయట.